కొత్త ఆట, టికెట్ లేదు

మాటలు తూచి వాడతానని మా ఊళ్లో నాకు పేరు. ఆ పేరున్న నేనే ఒక వేసవిలో, మెదక్‌లో నలభైమంది ఆడవాళ్లను ఖాళీ సంచులతో బడికి రప్పించాను.

అది అరవై ఆరో సంవత్సరం. ముందటేడు వానలు లేవు. రేషన్ దుకాణంలో అమెరికా గోధుమలు ఇస్తున్న రోజులు. జొన్నరొట్టె తిని పెరిగిన ఊరు గోధుమతో సర్దుకుంటోంది. పిండి పట్టే గిర్ని ముందు డబ్బాలు పొద్దున్నుంచే వరుసలో ఉండేవి. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడే పిండి.

ఆ జనవరిలో నా భార్య గోదావరి చనిపోయింది. నాలుగు రోజుల జ్వరం. దాని గురించి అంతకంటే రాయను.

మాకు ఒక్కతే కూతురు, సుశీల. అప్పుడు పదకొండేళ్లు. తల్లి పోయినప్పుడు ఏడవలేదు, ఆ తరువాతా ఏడవలేదు. ఏది అడిగినా ఒకటే జవాబు చెప్పేది. అన్నం పెట్టనా అంటే "మీ ఇష్టం." బయటికి పోదామా అంటే "మీ ఇష్టం." విసుక్కుంటూ అనేది కాదు. మర్యాదగానే అనేది. అందుకే నాకు భయం వేసేది.

మా వరండా మూలన విసుర్రాయి ఉండేది. తల్లీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని పొద్దున్నే విసిరేవాళ్లు. ఆ వేళకు నేను బడికి తయారవుతూ ఉండేవాణ్ణి. చప్పుడు వినడమే తప్ప వాళ్లు ఎలా కూర్చునేవాళ్లో, ఎలా పట్టుకునేవాళ్లో ఒక్కరోజూ నిలబడి చూడలేదు. గోదావరి పోయిన మర్నాడు ఆ రాయి మీద గోనెసంచి కప్పింది నేనే. మా వెనక గోడ అవతల దర్జీ ఇబ్రహీం ఇల్లు. అతని భార్య సాబెరా కూడా మా రాయి మీదే విసురుకునేది. సంచి కప్పాక ఆమె ఒక్కమాట అడగలేదు. డబ్బా చంకన పెట్టుకుని గిర్నికి పోవడం మొదలుపెట్టింది.

మే మొదటి వారంలో మా అక్క నర్సమ్మ రేగోడ్ నుంచి వచ్చింది. చెప్పులు విడవకముందే సుశీల చెయ్యి పట్టుకుని చూసింది.

"తమ్మీ, పిల్ల బొక్కలు తేలింది. ఏం పెడుతున్నవ్?"

"అన్నం, పప్పు."

"రొట్టె?"

"నాకు చేయ రాదు."

"బడిల యాభై మంది పోరగాండ్లను దారికి తెస్తవు, ఒక్క రొట్టె చేయ రాదా?" అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "మిరుగం ముందురోజు వస్త. పిల్లను తోల్కపోత. ఆడ పాడి ఉన్నది, ఇంటినిండ మనుషులున్నరు. ఈడ నీ ముఖం అది, దాని ముఖం నువ్వు చూసుకుంట ఎన్నొద్దులు కూసుంటరు? మళ్ల నీకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి చూసిపో." తరువాత సుశీల వైపు తిరిగింది. "ఏమే సుశీ, వస్తవా నాతోని?"

"మీ ఇష్టం, అత్తమ్మా."

"చూసినవా? పిల్లకు ఇష్టమే" అన్నది అక్క.

నాకు ఇష్టం లేదు. కానీ ఆ మాట అనడానికి నా దగ్గర ఏముంది? రొట్టె చేయడం రాదు, జడ వేయడం రాదు, పిల్లను ఏడిపించడం కూడా రాదు. "సరే" అన్నాను. మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ఇంకా ముప్పై రోజులున్నాయి.

ఆ నెల మూడో వారంలో మా హెడ్మాస్టరు సొలొమోను గారు కబురు పంపారు. సెలవుల్లో బడి ఖాళీగా ఉంది. ఆయన ఒక్కరే తన గదిలో ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"మదన్ మోహన్ గారూ, ఒక చిక్కొచ్చింది. బొంబాయి నుంచి మోడర్న్ డాన్స్ కంపెనీ ఒకటి హైదరాబాద్‌కు వచ్చింది. దాని మేనేజరు నాతోని చదువుకున్నోడు. నిజామాబాద్ పోతూ రామాయంపేట కాడ దారి మళ్లి, ఒక్క సాయంత్రం మన బడిల ఆడిపోతరట. దీపాలు లేవు, స్టేజి వద్దు, పొద్దుండంగనే అయిపోతది అంటున్నడు. ఊర్ల ఏమని చాటిద్దాం?"

"ఆధునిక నృత్యం అనొచ్చు."

"ఎంతమందికి తెలుస్తది?"

ఆయన అన్నది నిజం. మా చప్రాసి ఖయ్యూం తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "నాచ్ అంట సార్, అందరికి తెలుస్తది" అన్నాడు.

"నాచ్ అనకు" అన్నాను. ఆ మాటకు మా ఊళ్లో వేరే వాసన ఉంది. మర్యాదస్తుల ఇళ్లనుంచి ఒక్క ఆడమనిషి రాదు.

"తమాషా అంట."

"తమాషా కూడా అనకు. పిల్లలు ఈలలేసుకుంటూ వస్తారు." కాసేపు ఆలోచించాను. బతుకమ్మ చుట్టూ తిరిగితే ఆట. కోలలు పట్టుకుంటే ఆట. దేవుడి ముందు చిందేస్తే ఆట. ఎవరూ తప్పుపట్టని మాట, ముసలమ్మకు కూడా తెలిసిన మాట. "ఆట అను. 'బడిలో కొత్త ఆట, టికెట్ లేదు, ఆడవాళ్లు కూడా రావచ్చు.' తురకవాడలో ఉర్దూలో చెప్పు, కానీ ఆట అన్న మాట మాత్రం మార్చకు."

"మార్చ సార్."

సొలొమోను గారు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నాకు కూడా, చాలా రోజుల తరువాత, ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

ఆ శనివారం సాయంత్రం సుశీలను వెంటబెట్టుకుని ఐదు గంటలకే బడికి పోయాను. వస్తావా అంటే ఏమందో చెప్పనక్కరలేదు. మా బడి ఆయా కిష్టవ్వ ఆవరణంతా ఊడ్చి కల్లాపి చల్లింది. ఆ మట్టివాసన ఇంకా పోలేదు. అప్పటికే జనం బాగా వచ్చారు. ఒకవైపు మన వాడల వాళ్లు, పిల్లా జెల్లా. మరోవైపు, గేటు దగ్గర, నేను ఊహించనంత మంది తురకవాడ ఆడవాళ్లు, బురఖాలు వేసుకున్నవాళ్లు, వేసుకోనివాళ్లు. నా మాట ఎంత బాగా పనిచేసిందో అనుకున్నాను.

సాబెరా ముందుకు వచ్చింది. "సలాం సార్. ఆట ఏడ?"

"ఈడనే సాబెరాబీ. జర సేపట్ల మొదలైతది. కూసోండ్రి."

"మనిషికి ఎంత?"

"గంటన్నర."

"గంటన్నరనా?" ఆమె వెనక ఉన్నవాళ్ల వైపు తిరిగి ఉర్దూలో ఏదో చెప్పింది. గుసగుసలు లేచాయి. "అందరికి వస్తదా సార్? ఎనకున్నోళ్లకు గూడ?"

"ఎనకున్నోళ్లకు కొద్దిగ తక్కువ కనిపిస్తది. ముందు కూసున్నోళ్లకు మంచిగుంటది."

అంతే. నలభైమంది ఒక్కసారి తోసుకుంటూ ముందుకు వచ్చారు. అప్పుడు చూశాను వాళ్ల చేతుల్లో ఉన్నవి. గోనెసంచులు, కిరోసిన్ వాసన పోని డబ్బాలు, ఒకామె చేతిలో దిండు గలీబు. సాబెరా చంకన ఆమె గిర్నికి పట్టుకుపోయే డబ్బా.

ఉర్దూలో ఆటా అంటే గోధుమపిండి. నేను ఉర్దూలోనే చదువుకున్నవాణ్ణి. అయినా ఆ మాట ఆ చెవికి ఎలా వినబడుతుందో ఒక్క క్షణం కూడా తట్టలేదు.

"ఖయ్యూం, తురకవాడలో ఏమని చాటినవ్?"

"మీరు చెప్పిందే సార్. 'స్కూల్‌మే నయా ఆటా! టికెట్ నై, ముఫ్త్! ఔరతా భీ ఆనా!' నాచ్ అనకుమన్నరు, అనలె. తమాషా అనకుమన్నరు, అనలె. ఆ మాట మార్చకుమన్నరు, ఒక్క అచ్చరం మార్చలె." అతని గొంతులో తప్పు చేసినవాడి జంకు లేదు. తప్పు అతనిది కాదు కూడా.

నిజం చెప్పక తప్పలేదు. వాళ్ల ముందు నిలబడి ఉర్దూలో చెప్పాను. ఇక్కడ పిండి ఇవ్వడం లేదని, ఆట అంటే డాన్సని, ఆ మాట ఎంచింది నేనేనని. వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"పేదోళ్లతోని పరాచికమా పంతులూ?"

"గింత ఎండల నడిచొచ్చినం."

"ఖాళీ సంచి తీస్కపోతె మా అత్త నన్ను అదే సంచిల ఏసి కడ్తది" అన్నది గలీబు ఆమె. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగతావాళ్లు నవ్వలేదు. కొంతమంది గేటు వైపు తిరిగారు.

ఈ అలజడి విని డాన్సు కంపెనీ పెద్ద బయటికి వచ్చింది. లిడియా అని ఆమె పేరు. నలభై దాటిన మనిషి. జుట్టులో తెలుపు ఉంది, ముఖానికి రంగు లేదు, కాళ్లకు గజ్జెల్లేవు. బూడిదరంగు నూలు బట్టలు వేసుకుని ఉంది. ఏం జరిగిందని హిందీలో అడిగింది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె ఆ సంచుల వైపు కొంతసేపు చూసింది.

"వాళ్లను వెళ్లొద్దని చెప్పండి" అన్నది. "వరుస మారుస్తాను. చివరన చేయాల్సింది ముందే చేస్తాను. వాళ్లకు ఆటాయే కావాలి కదా, అదే ఇస్తాను."

నాకేమీ అర్థం కాలేదు. అయినా ఆమె చెప్పినట్టే చెప్పాను. సాబెరా తన డబ్బాను బోర్లించి దాని మీద కూర్చుంది. "వచ్చినం గద, చూసిపోదం" అన్నది. ఆమె కూర్చుంటే మిగతావాళ్లూ కూర్చున్నారు.

లిడియా ఆవరణ మధ్యకు వచ్చి నేల మీద కూర్చుంది. పాట లేదు, వాయిద్యం లేదు.

"గజ్జెల్లేవు, మద్దెల్లేదు, గిదేం ఆటనే?" అన్నది కిష్టవ్వ అందరికీ వినబడేలా.

లిడియా ఒక కాలు చాపి, ఒక కాలు మడిచింది. ఎడమచేత్తో గాలిలోంచి ఏదో గుప్పెడు తీసి ఎదురుగా జార్చింది. కుడిచేతిని ఎత్తి, లేనిదాన్ని పట్టుకుంది. తిప్పడం మొదలుపెట్టింది.

"ఇసుర్రాయి!" అన్నది కిష్టవ్వ, ఈసారి చిన్నగా.

మొదట చెయ్యొక్కటే తిరిగింది. తరువాత భుజం, తరువాత నడుము. ఆ లేని రాయి బరువు ఆమె మెడ నరాల్లో కనబడింది. మధ్యమధ్య ఆగి గింజలను లోపలికి తోసేది, ముఖం మీది వెంట్రుకను మణికట్టుతో జరుపుకునేది, మళ్లీ గుప్పెడు పోసేది. అలా తిప్పుతూ తిప్పుతూ లేచింది. ఇప్పుడు మనిషంతా తిరుగుతోంది. ఆ చుట్టు పెద్దదై, ఇంకా పెద్దదై, ఆవరణంతా రాయి అయింది. ఆమె వాళ్ల సంచుల పక్కనుంచి, మా మోకాళ్ల పక్కనుంచి పరుగెత్తింది. తడినేల మీద ఆమె పాదాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆ చప్పుడు మీద ఎవరో సన్నగా పాడుతున్నారు. సాబెరా. రాయి తిప్పుతూ ఆడవాళ్లు పాడుకునే చక్కీ పాట. దేవుడి పేరూ, పుట్టింటి పేరూ, పిల్లల పేర్లూ వరుసగా వచ్చే పాట. నాలుగు నెలల కిందటి దాకా మా వరండాలోంచి వినబడిన గొంతే. ఆమె పక్కనున్నవాళ్లు అందుకున్నారు. లిడియా ఒక్కసారి తల తిప్పి చూసి, తన అడుగును ఆ పాటకు కలుపుకుంది. బొంబాయిలో అలా చేసేవారో లేదో నాకు తెలియదు. చుట్టు మళ్లీ చిన్నదవుతూ వచ్చింది. ఆమె మొదట కూర్చున్నచోటే కూర్చుంది. ఒక్క చెయ్యే తిరుగుతోంది.

నా పక్కన సుశీల మోకాళ్ల మీద లేచి ఉంది.

"బాపూ."

తనంతట తాను నన్ను పిలిచి ఎన్నాళ్లయిందో.

"ఏం బిడ్డా?"

"ఆమె చెయ్యి చూడు. పిడి మీద పైకి పట్టింది."

"అయితే?"

"కింద జాగ ఇడిచింది. అమ్మ గట్లనే పట్టేది. కింద నాకు జాగ ఉంచేది."

చూశాను. నిజమే. ఆ చేతి కింద జానెడు ఖాళీ ఉంది. అంతసేపూ, ఆవరణమంతా తిరుగుతున్నప్పుడు కూడా, ఆమె ఆ జానెడు జాగా వదలలేదు. నేను గమనించలేదు. మా ఇంట్లోనూ గమనించలేదు.

తరువాత కంపెనీలో మిగతా ఎనిమిదిమందీ కలిసి ఆడారు. నడిచారు, పరుగెత్తారు, ఒకరి మీద ఒకరు వాలారు, పడ్డారు, లేచారు. నాకు చాలా భాగం అర్థం కాలేదు. అయినా ఎవరూ లేచిపోలేదు. పొద్దు గోడ దిగేసరికి అయిపోయింది.

వందన సమర్పణ నాది. రెండు పేజీలు రాసుకుని తెచ్చాను, కళ గురించి, జాతి సమైక్యత గురించి. లేచి నిలబడ్డాను. కాగితం విప్పాను. అక్షరాలు కనబడుతున్నాయి కానీ నోటికి రాలేదు. "మా ఊరికి వచ్చిన్రు" అన్నాను. కాసేపు ఆగి, "మంచిగైంది" అన్నాను. కూర్చున్నాను. సొలొమోను గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

కూర్చుని చూస్తే సుశీల పక్కన లేదు. లిడియా ముందు నిలబడి ఉంది, సాబెరా కొంగు పట్టుకుని. సుశీల తెలుగులో అడుగుతోంది, సాబెరా దాన్ని ఉర్దూ చేస్తోంది.

"కింద జాగ ఎవలికోసం అని అడుగు."

సాబెరా అడిగింది. లిడియా చెమట తుడుచుకుంటున్న తువ్వాలు ఆపి, పిల్ల వైపు చూసింది. ఏదో చెప్పింది.

"ఈమెకోసమేనట" అన్నది సాబెరా. "ఆటల చూపెట్టింది వాళ్లమ్మనట. అప్పుడు ఈమె నీయంత ఉండెనట. కింద పట్టుకునేది ఈమెనే."

"వాళ్లమ్మ ఉన్నదా?"

సాబెరా కొంచెం తటపటాయించి అడిగింది. లిడియా తల అడ్డంగా ఊపింది. తరువాత సుశీల కుడిచేతిని తీసుకుని, లేని పిడి మీద పైన పెట్టి, దాని కింద తన చెయ్యి పెట్టింది. రెండు చుట్లు తిప్పి వదిలేసింది.

గేటు దగ్గర ఖయ్యూం అందరినీ సాగనంపుతున్నాడు. గలీబు ఆమె నిలదీసింది. "ఇగ నా సంచిల ఏం ఏస్కపోవాలె?"

"చప్పట్లు నింపుకపో చిన్నమ్మా. తూకం లేదు, ముఫ్త్."

మర్నాడు పొద్దున విసుర్రాయి చప్పుడుకు మెలకువ వచ్చింది. మంచం మీద లేచి కూర్చున్నాను. నాలుగు నెలలు మరచిపోయి, ఇక స్నానానికి లేవాలి అనుకున్నాను. తరువాత గుర్తొచ్చింది.

వరండాలోకి పోయి, ఈసారి నిలబడి చూశాను. గోనెసంచి మడిచి గోడకు పెట్టి ఉంది. సాబెరా, సుశీల ఎదురెదురుగా కూర్చున్నారు. సాబెరా చెయ్యి పైన, సుశీల చెయ్యి కింద. రాయి అంచులనుంచి గోధుమపిండి రాలుతోంది. సుశీల ఏడుస్తోంది. చెయ్యి ఆపకుండా, తల వంచుకుని ఏడుస్తోంది. సాబెరా ఊరుకోమనలేదు. పాట కూడా ఆపలేదు. నేను చప్పుడు కాకుండా లోపలికి వచ్చేశాను.

ఆ తరువాతి రోజుల్లో సాబెరా పిల్లకు రొట్టె నేర్పింది. మొదటి రొట్టెలు ఏ ఆకారంలోనూ లేవు. నేను తిన్నాను. "మంచిగుందా బాపూ?" అని అడిగింది ఒకరోజు. బాగుందన్నాను. "అబద్ధం. మాడింది" అన్నది. నాకు ఆ రోజంతా ఆ మాట చాలింది.

మిరుగం ముందురోజు అక్క అన్నట్టే వచ్చింది. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు. చేతిసంచి భుజానే ఉంచుకుని వరండాలో నిలబడింది.

"బట్టలు సర్దుకున్నవా సుశీ? మళ్ల తిరుగు బస్సు దొరకాలె."

"లేదు అత్తమ్మా."

"ఎందుకే?"

నేను స్తంభం దగ్గర నిలబడి ఉన్నాను. ఆ రెండు మాటల కోసం ఎదురుచూస్తున్నాను. అవే అంటే ఈసారి నేనేం చేయగలనో తెలియదు.

"నాకు ఇష్టం లేదు" అన్నది సుశీల.

అక్క నా వైపు చూసింది. నెల కిందట నా నోట రాని మాట పిల్ల నోట వచ్చింది. ఇప్పుడైనా దాని పక్కన నిలబడాలి.

"నాకూ ఇష్టం లేదక్కా."

"మరి అప్పుడు సరే అంటివి?"

"తప్పు మాట అన్న."

"మాట తూచి మాట్లాడ్తడని నీకు పేరు!" అక్క సంచి మరో భుజానికి మార్చుకుంది. "సరే, ఉంచుకో. మరి రొట్టెకు పిండెట్ల? గిర్ని ముందు నువ్వు నిలబడ్తవా, బడి ఇడిచిపెట్టి?"

సుశీల లోపలికి పోయి చాటలో జొన్నలు తెచ్చింది. రాయి ముందు ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చుంది. పిడిని పైన పట్టుకుంది. ఆ చిన్న చేతి కింద జానెడు కట్టె ఖాళీగా ఉంది.

"బాపూ, రా."

ఎదురుగా కూర్చున్నాను. నా జీవితంలో విసుర్రాయి ముందు కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్లు ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చేతి కింద ఉన్న జాగాలో నా చెయ్యి పెట్టాను. కట్టె అక్కడ నున్నగా, కొద్దిగా అరిగి ఉంది. రాయి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

"గుంజకు తమ్మీ, తిప్పు! అది బండి కాదు" అన్నది అక్క. మేము మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఒక చుట్టు తిరిగింది. ఇంకోటి తిరిగింది. ఉత్త రాయి మీద రాయి గరగరలాడింది.

"ఇద్దరికిద్దరు మంచిగున్నరు. పిడి పట్టుకుంటిరి, గింజలెవలు పోస్తరు? జరుగుండ్రి."

అక్క సంచి గోడకు ఆనించి మా మధ్య కూర్చుని, చాట ముందుకు లాక్కుని, మొదటి గుప్పెడు పోసింది.